పితూరీకి ఇంగ్లీషు ఏమిటి మాస్టారూ?

(ఫోన్-ఇన్ కార్యక్రమం, రాతప్రతి. అంశం: రాజకీయాలు, ప్రభుత్వం, విప్లవం గురించి ఇంగ్లీషులో మాట్లాడటం)

వ్యాఖ్యాత: శ్రోతలకు నమస్కారం. మాస్టారు స్టూడియోకి వచ్చేశారు. ఫోన్లు అప్పుడే మోగుతున్నాయి. హలో, ఎక్కణ్నుంచి?

కాలర్ (వరంగల్): నమస్తే సార్. గ్రూప్-1కు ప్రిపేర్ అవుతున్న. మాది తెలుగు మీడియం. పాలిటిక్స్ మీద ఇంపార్టెంట్ వర్డ్స్ ఒక ఐదొందలు చెప్పున్రి సార్, బట్టీ పడ్త.

మాస్టారు: ఐదొందలా? వద్దు బాబూ. సరే, ‘మంత్రి రాజీనామా చేశాడు’. ఇంగ్లీషులో చెప్పు.

కాలర్: మినిస్టర్... డిడ్ రిజిగ్నేషన్.

మాస్టారు: చూశావా, రిజిగ్నేషన్ అన్న మాట నీకు ముందే వచ్చు. అయినా వాక్యం చెడింది. మనకు ‘చేయడం’ ఒక్కటుంటే బండి నడిచిపోతుంది. రాజీనామా చేస్తాం, ధర్నా చేస్తాం, తిరుగుబాటు చేస్తాం, చట్టమూ చేస్తాం. ఇంగ్లీషులో దేని క్రియ దానిదే. ద మినిస్టర్ రిజైన్డ్. దే స్టేజ్డ్ ఎ ధర్నా. దే రోజ్ ఇన్ రివోల్ట్. ద అసెంబ్లీ పాస్డ్ ద బిల్. అందుకే మాటను ఒంటరిగా రాసుకోవద్దు, జోడీతో రాసుకో. ధర్నాని అలాగే వాడు, ఇంగ్లీషు నిఘంటువుల్లో ఎక్కేసింది. ఘెరావ్ కూడా.

కాలర్: ప్రభుత్వం పడిపోయింది అంటే సార్?

మాస్టారు: అది మాత్రం మనలాగే. ద గవర్నమెంట్ ఫెల్. ‘ఫెల్ డౌన్’ అన్నావో, మెట్ల మీంచి జారిపడ్డట్టు ఉంటుంది.

వ్యాఖ్యాత: థాంక్యూ అండీ. తర్వాతి కాలర్.

కాలర్ (నర్సీపట్నం): హలో... హలో, మాస్టారేనాండీ? నమస్కారమండీ. గంట నుంచి కొడతన్నానండీ, ఎంగేజ్, ఎంగేజ్. నేను రిటైరైన టీచర్నండీ, ఎలిమెంటరీ స్కూల్లో. ఇప్పుడు ఇంటికాడ డిగ్రీ పిల్లలకి హిస్టరీ చెప్తన్నాను. మాది కొండవార ఊరండీ. మా తాత చిన్నప్పుడు సీతారామరాజుని చూశాడంట. చూశాడో లేదో గానీ, చెప్పేవోడు. సాయంత్రం అరుగు మీద కూర్చుంటే...

మాస్టారు: బాగుందండీ. ప్రశ్న?

కాలర్: అదేనండీ వస్తన్నాను. మా తాత ఆ తిరుగుబాటుని ‘పితూరీ’ అనేవోడు. పితూరీ రోజుల్లో అలాగ, పితూరీ రోజుల్లో ఇలాగ అని. ఇప్పుడు పిల్లలు ఇంగ్లీషులో పరీక్ష రాస్తన్నారు. ఒకడు రివల్యూషన్ అన్నాడు, ఒకడు రివోల్ట్, ఒకడు రెబెలియన్. ఓ అమ్మాయైతే మ్యూటినీ అని రాసిందండీ. మార్కులెవరికి వెయ్యాలి?

మాస్టారు: మంచి ప్రశ్న. ముందు ఆ అమ్మాయి సంగతి. మ్యూటినీ అంటే సిపాయిలో నావికులో తమ పైఅధికారుల మీద తిరగబడటం. 1946 ఫిబ్రవరిలో బొంబాయి నౌకాదళంలో జరిగిందే, అది. మన్యంలో ముఠాదార్లు, అంటే కొండ ఊళ్ల పెత్తందార్లు, పోడు చేసుకునేవాళ్లు ఎవరి సైన్యంలో ఉన్నారు? కాబట్టి కొట్టేయండి. అదే 1857 అయితే మ్యూటినీ అన్నది దొరలు. సిపాయిలతో మొదలైంది కనక సిపాయిల గొడవగానే రాసిపెట్టుకున్నారు. ఫస్ట్ వార్ ఆఫ్ ఇండిపెండెన్స్ అన్నది మనవాళ్లు. సంఘటన ఒక్కటే, పలికే నోరు వేరు. రాజకీయాల మాట ఏది నేర్చుకున్నా, ఇది ఎవరి నోటి మాట అని అడగండి. ఇది నేను ప్రతివారం చెబుతూనే ఉంటాను.

కాలర్: అవునండీ, పోయినవారం కూడా అన్నారు. మా ఆవిడ కూడా విన్నది.

మాస్టారు: వింటే సంతోషం. ఇక రెబెలియన్. ఆయుధాలు పట్టి అధికారాన్ని ఎదిరించడం. ఎక్కువగా ప్రభుత్వం వాడే మాట, అణిచేశాక ఖాయమయ్యే మాట. దాని జోడీ క్రియలు చూడండి: క్రష్, సప్రెస్, పుట్ డౌన్. అన్నీ తొక్కేసేవే. రివోల్ట్ కొంచెం విశాలం. పన్ను కట్టం అని మొండికేసినా రివోల్టే. అప్‌రైజింగ్ అంటే జనం లేచారు అన్న సానుభూతి కాస్త తగులుతుంది. రివల్యూషన్ అనాలంటే మాత్రం వ్యవస్థే తిరగబడాలి. 1789లో ఫ్రాన్స్, 1917లో రష్యా.

కాలర్: ఆహా. అయితే పితూరీకి ఏటి రాయమంటారు?

మాస్టారు: అక్కడికే వస్తున్నా. 1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీసు స్టేషన్ మీద దాడి, తర్వాత కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి. 1924 మేలో సీతారామరాజుని చంపేశారు. పుస్తకాల్లో దాని పేరు రంప రెబెలియన్. పేరుగా అదే రాయాలి, పెద్దక్షరాలతో. సొంత వాక్యంలో అప్‌రైజింగ్ అని రాసినా నేనైతే మార్కులు వేస్తాను.

కాలర్: మరి విప్లవవీరుడు అంటాం కదండీ ఆయన్ని? పాఠంలో కూడా ఉంది. మా తాత అయితే...

మాస్టారు: ఆగండాగండి. మనిషిని రివల్యూషనరీ అనొచ్చు, ఆశయాన్ని బట్టి. సంఘటనని రివల్యూషన్ అనాలంటే ఫలితం కావాలి. రెండూ ఒకే వేరు నుంచి వచ్చినా లెక్క వేరు.

కాలర్: బాగుందండీ. ఇంకోటండీ, మా వియ్యంకుడుది ఖమ్మం వైపు. ఆయనేమో తెలంగాణది సాయుధ పోరాటం అంటాడు, తిరుగుబాటు అంటే ఒప్పుకోడు. పెళ్లిలో కూడా ఇదే గొడవండీ, భోజనాల దగ్గర...

మాస్టారు: మీ వియ్యంకుడిదే రైటు. 1946 నుంచి 51 దాకా నడిచిన దానికి, నడిపినవాళ్లే పెట్టుకున్న పేరు అది. ఇంగ్లీషులో తెలంగాణ ఆర్మ్‌డ్ స్ట్రగుల్.

కాలర్: ఓహో. అయితే మాస్టారూ, నా ప్రశ్న... పితూరీ అన్న మాటకే ఇంగ్లీషు ఏటండీ?

మాస్టారు: (నవ్వు) రెండుసార్లు చెప్పానండీ!

కాలర్: పుస్తకంలో పేరు చెప్పారండీ. మా తాత మాటకి అడుగుతన్నాను.

మాస్టారు: ...అలా అడిగారా. అయితే వినండి. ఆ మాట ఇంగ్లీషులో ఉంది. మద్రాసు దొరలు తమ కాగితాల్లో ‘ఫితూరీ’ అనే రాసుకున్నారు. 1879లో అదే రంప కొండల్లో లేచిన తిరుగుబాటుకీ ఇదే పేరు. అరబ్బీ మూలం, మనమూ వాడాం, దొరలూ వాడారు. మీ తాతగారు అన్నది కచేరీ కాగితాల మాటే. తమాషా ఏమిటంటే, ఇవాళ పితూరీ అంటే ఏమిటి?

కాలర్: చాడీలండీ! అత్త మీద కోడలు, కోడలు మీద అత్త...

మాస్టారు: అదీ. తుపాకీ పట్టిన మాట చివరికి వంటింటి చాడీగా మిగిలింది. మీ పిల్లలకి ఇది చెప్పండి, రెబెలియన్ మర్చిపోరు.

కాలర్: చెప్తానండీ. ఇంకొక్కటి...

వ్యాఖ్యాత: క్షమించాలండీ, చాలామంది వేచి ఉన్నారు. హలో?

కాలర్ (డాలస్): నమస్కారం అండీ. ఆఫీసులో ఓ విషయం టేబుల్ చేద్దాం అన్నాను. అంటే ముందు చర్చిద్దాం అని నా ఉద్దేశం. వాళ్లు దాన్ని పక్కన పడేశారు!

మాస్టారు: పాపం! మన పార్లమెంటులోనూ బ్రిటన్‌లోనూ టేబుల్ చేయడం అంటే సభ ముందు పెట్టడం. మీ అమెరికాలో వాయిదా వేయడం. తలకిందులు. అలాగే ఇంపీచ్ అంటే అక్కడ దిగువసభ అభియోగం మోపడం, అంతే. క్లింటన్‌ని 1998లో చేశారు, పదవి పోలేదు. మనవాళ్లు ఇంపీచ్ అనగానే దించేశారనుకుంటారు.

వ్యాఖ్యాత: థాంక్యూ. నెల్లూరు నుంచి ఒకరు. చెప్పండి.

కాలర్ (నెల్లూరు): సార్, నేను పేపర్‌కి విలేకరిని. అసెంబ్లీ వాయిదాకి అడ్జర్న్ రాస్తే మా డెస్క్‌లో ప్రొరోగ్ అని మార్చారు.

మాస్టారు: డెస్క్ తప్పు, ఆ రోజుకి సభ ఆపి ఉంటే. అడ్జర్న్ చేసేది స్పీకర్. నిరవధికం అయితే సైనీ డై అని తగిలిస్తారు. ప్రొరోగ్ గవర్నర్ చేస్తారు, సమావేశాలే ముగుస్తాయి. డిజాల్వ్ అంటే సభే రద్దు, ఇక ఎన్నికలే. రాజ్యసభకి ఆ మూడోది లేదు. ఇదీ జోడీల సంగతే, ఎవరు ఏది చేస్తారో కలిపి రాసుకోండి.

వ్యాఖ్యాత: సంగారెడ్డి. త్వరగా అడగండి.

కాలర్ (సంగారెడ్డి): ఆర్డినెన్స్ స్పెల్లింగ్‌ల నడుమ ‘ఐ’ ఉంటదా, ఉండదా సార్?

మాస్టారు: ఉంటే గవర్నరో రాష్ట్రపతో తెచ్చే చట్టం, లేకపోతే ఆయుధ సామగ్రి, మీ ఎద్దుమైలారం ఫ్యాక్టరీ, సైన్యం కవచ వాహనాలు. ఒక్క అక్షరం మింగితే గవర్నర్ బంగళా ఆయుధాగారం అవుతుంది.

వ్యాఖ్యాత: ఆఖరి కాల్. హలో... చిన్నపాపా?

కాలర్ (తెనాలి): తాతగారూ, నేను తొమ్మిదో క్లాస్. గిలటీన్ అంటే ఫ్రాన్స్‌లో తలలు నరికే మిషను కదా? పేపర్లో లోక్‌సభలో గిలటీన్ అని వేశారు. నాన్నని అడిగితే మిమ్మల్ని అడగమన్నారు.

మాస్టారు: మీ నాన్న గడుసువాడమ్మా. అదే మాట. 1792లో పారిస్‌లో మొదలైన యంత్రం. బడ్జెట్‌లో ఒక్కో శాఖ పద్దు మీద చర్చ జరగాలి. టైం అయిపోతే మిగిలినవన్నీ చర్చ లేకుండా ఒకేసారి ఓటుకి పెట్టేస్తారు. చర్చ తల తెగిందన్నమాట.

కాలర్: అయితే అప్పుడు ఎవరూ అరవరా?

మాస్టారు: అరుస్తారమ్మా. దానికీ ఒక మాట ఉంది...

వ్యాఖ్యాత: మాస్టారూ, వార్తల టైం అయింది. పాపా, వచ్చేవారం మళ్లీ చెయ్యమ్మా.