లెసోతో రాజచిహ్నంలో మొసలి ఎందుకుంది?

[తెరపై: లెసోతో రాజచిహ్నం, మధ్యలోని డాలు దగ్గరగా]

ఇరువైపులా గుర్రాలు నిలబడి పట్టుకున్న ఈ డాలు మీద ఒక మొసలి ఉంది. చలికాలంలో మంచు కురిసే ఈ పర్వత దేశపు నదులలో మాత్రం మొసళ్లు లేవు. ఆ బొమ్మ అక్కడికి రాజవంశం ద్వారా వచ్చింది. దేశాన్ని నిర్మించిన మొదటి మొష్వేష్వే బక్వెనా వంశస్థుడు, బక్వెనాల టోటెమ్, అంటే వంశ చిహ్నం, మొసలి.

[తెరపై: దక్షిణ ఆఫ్రికా ప్రాంతపు పటం]

లెసోతో, బోట్స్వానా, దక్షిణాఫ్రికా దేశాలలోని సోతో, త్స్వానా, పెడి ప్రజలందరికీ ఇటువంటి వంశ చిహ్నాలు ఉన్నాయి. బక్గత్లాలది కోతి, బతౌంగులది సింహం. చిహ్నం జంతువే కానక్కరలేదు. బరొలాంగులు కూడూ జింకతో పాటు ఇనుమును కూడా తమదిగా చెప్పుకొంటారు. తండ్రి నుంచి బిడ్డలకు సంక్రమించే ఈ చిహ్నం జంతువైతే, దానిని చంపడం, తినడం, దాని తోలు కప్పుకోవడం నిషిద్ధం. 1840ల చివర సెచేలే పాలనలోని బక్వెనాల మధ్య నివసించిన మిషనరీ డేవిడ్ లివింగ్‌స్టన్ రాసినదాని ప్రకారం, వారు మొసలి దగ్గరికి వెళ్లవలసి వస్తే నేల మీద ఉమ్మి 'ఇక్కడ పాపం ఉంది' అనేవారు. మొసలి కరిచినవాడినే కాదు, దాని తోక చిమ్మిన నీళ్లు మీద పడినవాడిని కూడా వెలివేసేవారు.

[తెరపై: బోట్స్వానాలోని సెరోవె, కొండ మీది రాజ శ్మశానం]

బక్వెనాల నుంచి విడిపోయిన బంగ్వాతోలు మొసలిని వదిలి డైకర్ అనే చిన్న జింకను స్వీకరించారు. వారి మూలపురుషుడు న్గ్వాతో శత్రువులు తరుముతుంటే ఒక పొదలో దాక్కున్నాడనీ, అందులోంచి డైకర్ బయటికి దూకడంతో అక్కడ మనిషి ఉండే అవకాశం లేదని వారు వెనుదిరిగారనీ కథ చెబుతారు. 1923లో మరణించిన బంగ్వాతోల రాజు మూడవ ఖామా సమాధి మీద నిలబడి ఉన్నది ఆ డైకర్ కంచు ప్రతిమే.

గోత్రాలు తెలిసిన మనకు ఇక్కడ ఒక ఊహ సహజంగానే వస్తుంది: ఒకే చిహ్నం ఉన్నవారు పెళ్లి చేసుకోరని. ఆ ఊహ ఇక్కడ చెల్లదు. మేనరికాలతో పాటు, మనకు చెల్లెలి వరస అయ్యే పినతండ్రి కూతురిని చేసుకోవడం కూడా త్స్వానాలలో, ముఖ్యంగా రాజకుటుంబాలలో, మెచ్చదగిన సంబంధమే. ఓలిగా ఇచ్చిన పశువులు తిరిగి మన దొడ్డికే వస్తాయి కాబట్టి పినతండ్రి బిడ్డ నన్ను పెళ్లాడాలని వారి సామెత ఒకటి బాహాటంగానే అంటుంది.

నా దృష్టిలో ఈ చిహ్నాల అసలు పని రాజకీయమైనది. రాజకుటుంబంలో తగవు వచ్చి ఒక సోదరుడు తన మనుషులతో, మందలతో వేరుపడితే, కొత్త చిహ్నం ఆ వేర్పాటును లోకానికి చాటేది. అదే సమయంలో, శరణు కోరి వచ్చినవారు పాత చిహ్నాన్ని వదులుకోవలసిన పని లేదు. యుద్ధాలతో, కరవుతో అల్లకల్లోలమైన 1820లలో మొష్వేష్వే థాబా బొసియు కొండను స్థావరం చేసుకొని బఫొకెంగులను, బతౌంగులను, బసియాలను చేరదీశాడు. వారందరూ బసోతోలు, అంటే నేటి లెసోతో ప్రజలు, అయ్యారు, కానీ ఎవరి వంశ చిహ్నం వారికే మిగిలింది. అందుకే జాతి పేరు వినగానే చిహ్నం తెలిసిపోదు. బత్లోక్వాలనే తీసుకుంటే, లెసోతో వైపు ఉన్నవారిది చిరుతపులి, బోట్స్వానాలోని త్లోక్వెంగ్‌లో స్థిరపడినవారిది చెదపుట్టలు తవ్వి తినే ఆర్డ్‌వార్క్.