బోనం ఎత్తేది ఆడబిడ్డే: ఆషాఢంలో హైదరాబాద్ అమ్మవారి గుళ్లు

[తెర మీద: పోతురాజు ఆట, డప్పుల మోత. కెమెరా మెల్లగా వెనక్కి జరిగి, బోనాలతో వస్తున్న ఆడవాళ్ల దగ్గర ఆగుతుంది.]

బోనాలు అనగానే టీవీల్లో ముందు కనిపించేది పోతురాజు. ఒళ్లంతా పసుపు, చేతిలో కొరడా. కెమెరాకు ఆయన బాగా దొరుకుతాడు, కాదనను. కానీ పండుగ నడిచేది ఆయన వెనకాల వస్తున్న ఆడవాళ్ల నెత్తి మీద. ఈ వీడియో వాళ్ల గురించే.

[దగ్గరి నుంచి: బోనం కుండ]

ముందు బోనాన్ని సరిగ్గా చూద్దాం. మట్టి కుండ గానీ, ఇత్తడి బిందె గానీ. శుభ్రంగా కడిగి, పసుపు రాసి, కుంకుమ బొట్లు పెడతారు. లోపల పాలూ బెల్లం వేసి వండిన అన్నం. కొన్ని ఇళ్లల్లో పెరుగన్నం, దాంట్లోకి ఉల్లిగడ్డ. కుండ మెడ చుట్టూ వేపమండలు. పైన ఒక ముంత, ముంత మీద ప్రమిద, అందులో వెలిగే దీపం. నెత్తి మీద చుట్టబట్ట పెట్టుకుని, దాని మీద ఇదంతా ఎత్తుకుని గుడి దాకా నడవాలి. అసలే వానాకాలం, ఈదురుగాలి, లైన్లో తోపులాట. దీపం ఆరిపోతుందేమోనన్న టెన్షన్ ఒకటి. ఒక చెయ్యి కుండకు ఆనించి, రెండో చేత్తో పిల్ల చెయ్యి పట్టుకుని నడిచేవాళ్లు ప్రతి గల్లీలోనూ కనిపిస్తారు.

ఈ నైవేద్యం గుడి వంటశాలలో తయారయ్యేది కాదు. ఎవరి పొయ్యి మీద వాళ్లే వండుకొస్తారు. ఏం వండాలో, ఎట్లా వండాలో ఇంట్లో అమ్మో అత్తమ్మో చెప్తుంది. పూజారి పని చివర్లో, గుడి దగ్గర.

కేరళలో, తిరువనంతపురంలోని ఆట్టుకాల్ భగవతి గుడికి 'ఆడవాళ్ల శబరిమల' అని పేరు. అక్కడ పొంగాల రోజున లక్షల మంది ఆడవాళ్లు రోడ్ల మీదే ఇటుకల పొయ్యిలు పెట్టుకుని వండుతారు. 2009లో 25 లక్షల మందితో గిన్నిస్ రికార్డుకెక్కింది ఆ పండుగ. మన దగ్గర మాత్రం వంట ఇంట్లో, నడక వీధిలో.

[తెర మీద: ఒడిబియ్యం పోస్తున్న చేతులు]

మరి ఆషాఢంలోనే ఎందుకు? కొత్తగా పెళ్లైన పిల్ల ఆషాఢంలో పుట్టింటికి వస్తుంది కదా. అమ్మవారూ అంతే, ఈ నెలలో పుట్టింటికి వస్తుందని జనం నమ్మకం. అందుకే ఆమెకు జరిగేవన్నీ ఇంటి ఆడబిడ్డకు జరిగే మర్యాదలే. అమ్మవారి రూపంగా ఊరేగించే కలశం, అదే ఘటం, వస్తుంటే ఎదురెళ్తారు. కాళ్ల దగ్గర వేపాకు, పసుపు నీళ్లతో సాక పోస్తారు. చీర పెడతారు, ఒడిబియ్యం పోస్తారు. ఇందాకటి పోతురాజు ఎవరనుకున్నారు? అక్కకు తోడొచ్చిన తమ్ముడు. ఇది తెలిశాక ఊరేగింపు చూస్తే ఆ కొరడా చప్పుడు కూడా వేరేగా వినిపిస్తుంది.

[తెర మీద: సికింద్రాబాద్ ఉజ్జయిని మహంకాళి ఆలయం]

లస్కర్ బోనాలు, అంటే సికింద్రాబాద్ బోనాలు, జరిగే గుడి ఇది. దీని కథ మాత్రం ఒక మగమనిషితో మొదలవుతుంది. సురిటి అప్పయ్య ఇక్కడి మిలిటరీలో డోలీ మోసే పనివాడు. 1813లో ఊళ్లో కలరా ప్రబలి జనం చచ్చిపోతున్నప్పుడు ఆయన ఉజ్జయినిలో ఉన్నాడు. రోగం తగ్గితే మా ఊళ్లో నిన్ను నిలుపుకుంటానని అక్కడి మహంకాళికి మొక్కుకున్నాడు. 1815లో తిరిగొచ్చి కట్టె విగ్రహాన్ని ప్రతిష్ఠించాడు. ఇదీ ఆలయ చరిత్రగా చెప్పుకునేది. మొక్కింది ఆయన. రెండు వందల ఏళ్లుగా ఆ మొక్కును నెత్తిన పెట్టుకుని తీరుస్తున్నది ఆడవాళ్లు.

[తెర మీద: బల్కంపేట, కిందికి దిగే మెట్లు]

బల్కంపేట ఎల్లమ్మ గుడి దారి వేరు. అమీర్‌పేట, ఎస్సార్ నగర్ మధ్య ఉంటుంది. ఇక్కడ అమ్మవారిని చూడాలంటే కిందికి చూడాలి. విగ్రహం నేలమట్టానికి పది అడుగుల దిగువన, ఒకప్పటి బావిలో ఉంటుంది. ఆషాఢంలో మొదటి మంగళవారం ఎల్లమ్మ కల్యాణం. సంతానం కోసం, పిల్లల ఆరోగ్యం కోసం మొక్కుకునే తల్లులు ఏడాది పొడవునా వస్తూనే ఉంటారు. మంగళవారం, ఆదివారం అయితే చెప్పక్కర్లేదు.

ఎల్లమ్మ అంటే రేణుక, పరశురాముడి తల్లి. ఒక్క క్షణం మనసు చెదిరిందని భర్త జమదగ్ని ఆమె తల తీయించాడు, తీసింది సొంత కొడుకు. అట్లా శిక్ష పడ్డ ఆడమనిషే దేవతై కూర్చుంటే, ఇంట్లో చెప్పుకోలేనివి ఆమెకు చెప్పుకోవడానికి ఆడవాళ్లు వస్తున్నారంటే నాకు ఆశ్చర్యం అనిపించదు.

[తెర మీద: సోమవారం, లస్కర్ గుడిలో రంగం]

బోనాల మర్నాడు రంగం. ఒక స్త్రీ పచ్చి కుండ మీద నిలబడి భవిష్యవాణి చెప్తుంది. వానలు ఎట్లా పడతాయి, పంటలు ఎట్లా ఉంటాయి, పూజల్లో ఏం లోటు జరిగింది, అన్నీ. ఆమె గద్దిస్తే మంత్రులూ ఆఫీసర్లూ చేతులు కట్టుకుని వింటారు. అయితే దీనికి రెండో వైపూ ఉంది. తెలంగాణలో ఎల్లమ్మ పేరు మీద ఆడపిల్లల్ని జోగినులుగా, అంటే దేవతకు అంకితమని చెప్పి ఊరి మగవాళ్ల లైంగిక దోపిడీకి వదిలేసినవాళ్లుగా, మార్చిన చరిత్ర చాలా చేదైంది. పేద దళిత కుటుంబాల పిల్లలే ఎక్కువగా బలయ్యారు. 1988లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం చట్టం చేసి దాన్ని నిషేధించింది. బోనాల వీడియోల్లో ఈ ముక్క ఎవరూ చెప్పరు, పండుగ కళ తగ్గుతుందని కాబోలు. నా మటుకు నాకు చెప్పాల్సిందే అనిపిస్తుంది.

ఇంకో మాట. నెలసరిలో ఉన్నవాళ్లు బోనం ఎత్తరు, ఆ ఏడు ఇంట్లో ఇంకొకరు ఎత్తుకుంటారు. ఇది ఇప్పటికీ చాలా ఇళ్లల్లో మారలేదు.

[తెర మీద: గోల్కొండ కోట మెట్లు]

మొదటిసారి బోనం ఎత్తాలనుకునేవాళ్లకు నా సలహా గోల్కొండ. నగరంలో పండుగ మొదలయ్యేది కోటలోని జగదాంబిక దగ్గరే. ఆషాఢమంతా గురువారాలు, ఆదివారాలు అక్కడ పూజలుంటాయి కాబట్టి గురువారం చూసుకోండి, రద్దీ కాస్త తక్కువ. గుడి కొండ మీద, మెట్లు చాలానే ఉన్నాయి. పొద్దున్నే బయల్దేరండి. కుండ సగానికే నింపుకోండి. అగ్గిపెట్టె మాత్రం పక్కనున్నవాళ్ల దగ్గర ఉంచండి, గాలికి దీపం ఆరితే అక్కడే వెలిగించుకోవచ్చు.