జూలైలో ఫుకెట్‌లో వాన, సముయ్‌లో ఎండ: ఒంటరిగా దక్షిణ థాయిలాండ్ వెళ్లే ముందు ఇది చూడండి

నమస్తే అండి. "జూలైలో సెలవు దొరికింది, ఒక్కడినే థాయిలాండ్ పోదామనుకుంటున్నా" అని ఎవరైనా అనడం ఆలస్యం, చుట్టూ ఉన్న పదిమందీ ఒకటే పాట: "వద్దురా, అక్కడ వానాకాలం. డిసెంబర్‌లో పో." ఈ మాట విన్నప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది. ఆ సలహా నమ్మి డిసెంబర్ మొదటి వారంలో సముయ్ దీవికి వెళ్లినవాళ్లు గది కిటికీలోంచి వాన చూసి తిరిగొస్తున్నారు. వద్దన్న ఆ జూలైలోనే వెళ్లి ఉంటే హాయిగా ఈత కొట్టేవాళ్లు. థాయిలాండ్‌కి ఉన్నది ఒక వానాకాలం కాదండీ, రెండు. రెండూ వేర్వేరు నెలల్లో, వేర్వేరు తీరాల మీద పడతాయి. ఒక తీరం నుంచి ఇంకో తీరానికి వ్యాన్‌లో పూట ప్రయాణం, అంతే.

విమానం టికెట్, హాస్టల్ బుకింగ్, సిమ్ కార్డు, ఇవన్నీ మీకు తెలిసినవే. వాటి జోలికి పోను. నేరుగా మ్యాప్‌లోకి వెళ్దాం.

[తెర మీద: దక్షిణ థాయిలాండ్ మ్యాప్]

బ్యాంకాక్ నుంచి కిందికి రండి. నేల సన్నగా, పొడుగ్గా మలేషియా దాకా దిగుతుంది. పడమర అండమాన్ సముద్రం. ఫుకెట్, క్రాబి, ఖావో లక్, లంతా అటువైపు. తూర్పున గల్ఫ్ ఆఫ్ థాయిలాండ్. సముయ్, ఫంగన్, తావ్ దీవులు ఇటువైపు. మధ్యలో పైనుంచి కిందికి కొండల వరస.

[పక్కనే: దక్షిణ భారతం మ్యాప్]

ఇప్పుడు పక్కన మన మ్యాప్ పెట్టాను. ఇక్కడ మంగళూరు, ఇక్కడ నెల్లూరు. జూన్‌లో నైరుతి రుతుపవనాలు అరేబియా సముద్రం మీంచి వచ్చి పడమటి కనుమలకు కొట్టుకుంటాయి. మంగళూరులో కుండపోత. కొండ దాటేసరికి మబ్బులో తేమ చాలావరకు అయిపోతుంది, జూలైలో నెల్లూరువాళ్లు ఇంకా ఉక్కపోతలోనే ఉంటారు. అక్టోబర్‌లో గాలి తిరుగుతుంది. ఈశాన్యం నుంచి వచ్చే గాలి బంగాళాఖాతం మీద తేమ పోగేసుకుని మన తీరాన్ని కొడుతుంది. నెల్లూరు చెరువులు నిండేది అప్పుడు. నవంబర్ చివరికొచ్చేసరికి మంగళూరు తెరిపిన పడి ఉంటుంది.

ఫుకెట్ మంగళూరు. సముయ్ నెల్లూరు. ఈ ఒక్క ముక్క గుర్తుంటే సగం ప్లాన్ అయిపోయినట్టే.

మే నుంచి అక్టోబర్ దాకా నైరుతి గాలి అండమాన్ వైపు కొడుతుంది. అక్టోబర్ సగం నుంచి డిసెంబర్ దాకా ఈశాన్య గాలి గల్ఫ్ మీద తేమ తాగి సముయ్ వైపు కొడుతుంది, అక్కడ అన్నిటికంటే ఎక్కువ వాన పడే నెల నవంబర్. ఇక మంగళూరు లక్షణాలు పూర్తిగా ఉన్న ఊరు చూడాలంటే ఫుకెట్ పైన, బర్మా సరిహద్దులో రనోంగ్ ఉంది. ఏడాదికి 4,000 మిల్లీమీటర్ల పైనే వాన. ఎనిమిది నెలలు వాన, నాలుగు నెలలు ఎండ అని అక్కడివాళ్లే చెప్పుకుంటారు.

మరి డిసెంబర్ అపోహ ఎక్కడ పుట్టింది? బ్యాంకాక్‌లో, చియాంగ్ మాయ్‌లో. ఆ ఊళ్లకి ఈశాన్య గాలి నేల మీంచి వస్తుంది, మధ్యలో సముద్రం లేదు, కాబట్టి పొడిగా, కాస్త చల్లగా ఉంటుంది. డిసెంబర్‌లో హైదరాబాద్ ఎలా ఉంటుందో మీకు చెప్పక్కర్లేదు. హైదరాబాద్‌లో ఆకాశం చూసి నెల్లూరుకి గొడుగు వద్దనుకుంటే ఏమవుతుంది? మన ట్రావెల్ ఏజెంట్లు, స్నేహితులు ఇస్తున్న సలహా సరిగ్గా అదే.

ఈ నెల్లూరు పోలిక నేను ఊరికే తేలేదు. 1989 నవంబర్‌లో గల్ఫ్ ఆఫ్ థాయిలాండ్‌లో గే అనే తుపాను లేచింది. సీక్రెస్ట్ అనే డ్రిల్లింగ్ ఓడ బోల్తా పడి 91 మంది చనిపోయారు. నవంబర్ 4న చుంఫోన్ రాష్ట్రాన్ని కొట్టింది. ఆ సన్నటి నేలను దాటేసి అండమాన్ సముద్రంలోకి దిగింది, బంగాళాఖాతంలో మళ్లీ బలం పుంజుకుంది, నాలుగైదు రోజులకి నెల్లూరు జిల్లా కావలి దగ్గర తీరం దాటింది. మన పెద్దవాళ్లు కావలి తుపాను అని చెప్పుకునేది దాన్నే. చుంఫోన్‌ని ముంచిన గాలే కావలిని ముంచింది. గల్ఫ్ వైపు నవంబర్ అంటే "ఏవో రెండు జల్లులు" అని తేలిగ్గా తీసుకునేవాళ్లకి నేను చెప్పేది ఇదే.

పోలిక పూర్తిగా అతకని చోటు కూడా ఉంది. మంగళూరుకీ నెల్లూరుకీ మధ్య వందల కిలోమీటర్ల నేల ఉంది. థాయిలాండ్‌లో ఆ నేల అన్నిటికంటే సన్నగా ఉండే చోటు, క్రా ఇస్త్మస్ దగ్గర, తీరానికీ తీరానికీ దూరం 44 కిలోమీటర్లే. మబ్బులు అటునుంచి ఇటు ఒలుకుతాయి. అందుకే జూలైలో సముయ్‌లో చినుకే పడదని నేననను. సాయంత్రం ఒక వాన పడుతుంది, వెలుస్తుంది, మీరు మళ్లీ ఒడ్డుకి వెళ్తారు. అసలు తేడా సముద్రంలో ఉంటుంది.

ఒంటరిగా వెళ్లేవాళ్లు ఈ భాగం జాగ్రత్తగా వినండి. వానలో తడిస్తే ఆరిపోతాం. అల లేస్తే పడవ కదలదు. క్రాబి దగ్గర రైలే (Railay) అనే బీచ్‌కి ఆవ్ నాంగ్ ఊరి నుంచి లాంగ్‌టెయిల్ అనే చిన్న మోటారు పడవలు తిరుగుతాయి, మనిషికింత అని టికెట్, ఎనిమిది మంది నిండితే కదులుతుంది. జనవరిలో అయితే పది నిమిషాల్లో నిండుతుంది. సెప్టెంబర్‌లో మీరు, పడవతను, ఖాళీ బెంచీలు. కూర్చుని ఎదురుచూడాలి, లేదా ఎనిమిది మంది డబ్బులూ మీరే కట్టాలి. కుటుంబంతో వెళ్లినవాళ్లకి ఇది సమస్యే కాదు, మొత్తం పడవ వాళ్లకే కావాలి. ఒక్కరే వెళ్తే మాత్రం తీరం తప్పుగా ఎంచుకున్న ప్రతిసారీ జేబు మీదే పడుతుంది. అదే అండమాన్ వైపున్న సిమిలన్ దీవుల సంగతైతే డబ్బులు కట్టినా లాభం లేదు. మే సగం నుంచి అక్టోబర్ సగం దాకా ఆ జాతీయ పార్కునే మూసేస్తారు.

ఈత గురించి కూడా. ఫుకెట్ పడమటి ఒడ్డున, కరోన్, కటా లాంటి చోట్ల, ఈ నెలల్లో ఎర్ర జెండాలు కడతారు. అలలు విరుగుతున్న వరసలో మధ్యన ఒకచోట నీళ్లు ప్రశాంతంగా కనిపిస్తాయి. దిగడానికి అదే మంచి చోటు అనిపిస్తుంది. కాదు! ఒడ్డుకి కొట్టిన నీళ్లన్నీ లోపలికి తిరిగి లాక్కుపోయే దారి అదే. ఎర్ర జెండా ఉంటే మోకాలి లోతు కూడా వద్దు. పొరపాటున లాగేస్తే ఒడ్డువైపు ఎదురీదకండి, ఒడ్డు పొడుగునా పక్కకి ఈదండి, లాగుడు తగ్గాక వెనక్కి రండి. ఒక్కరే వెళ్లినప్పుడు మీరు నీళ్లలో ఉన్నట్టు ఒడ్డున ఎవరికీ తెలియదు. నాకు దీనిమీద రాజీ లేదు.

సరే, జూలై దారి. బ్యాంకాక్‌లో దూరప్రాంతాల రైళ్లు 2023 జనవరి నుంచి పాత హువా లాంఫోంగ్ స్టేషన్ నుంచి కాకుండా క్రుంగ్ థెప్ అఫివత్ స్టేషన్ నుంచి బయల్దేరుతున్నాయి, పాత వీడియోలు చూసి అక్కడికి పోకండి. రాత్రి స్లీపర్‌లో కింది బెర్త్ తీసుకోండి, పైదానికంటే వెడల్పు, కాస్త ధర ఎక్కువ. అటెండెంట్ వచ్చి సీట్లు కలిపి, తెల్ల దుప్పటి పరిచి, తెర వేసి వెళ్తారు. ఒంటరిగా ప్రయాణించే ఆడవాళ్లకి కూడా నేను ధైర్యంగా చెప్పే ప్రయాణం ఇది. పొద్దున్నే సూరత్ థానీ. స్టేషన్ మాత్రం ఊళ్లో లేదు, ఫున్‌ఫిన్‌లో ఉంది.

దీవికి తొందరపడకండి. ముందు ఖావో సోక్ అడవికి వెళ్లండి. వ్యాన్ 401 నంబరు రోడ్డు మీద పోతుంది. ఆ రోడ్డు ఒక తీరం నుంచి రెండో తీరానికి కొండల మధ్యగా వెళ్తుంది, నేను ఇందాకటి నుంచి చెప్తున్నదంతా కిటికీలోంచి కనిపిస్తుంది. ఫున్‌ఫిన్ దగ్గర రోడ్డు పొడిగా, దుమ్ముగా ఉంటుంది. కొండలు దగ్గరయ్యేకొద్దీ అద్దం మీద చుక్కలు, తర్వాత వైపర్, తర్వాత సున్నపురాయి కొండలు సగం మబ్బులో. కనుమలెక్కుతున్నట్టే. అడవిలో జలగలుంటాయి, పొడుగు సాక్సులు ఉంచుకోండి. చియావ్ లాన్ జలాశయం మీద తేలే గదుల్లో ఒక రాత్రి ఉండండి, కానీ పడవ విడిగా మాట్లాడుకోకండి, అద్దె మొత్తం పడవకి. ఊళ్లో ఏదో ఒక గుంపు టూర్‌లో చేరండి.

తిండి చూడండి. దక్షిణాది హోటల్లో కూర్చోగానే అడక్కుండానే పచ్చి కూరగాయల పళ్లెం పెడతారు. దోసకాయ, చిక్కుడు లాంటి పొడుగు కాయలు, పేర్లు తెలియని చిగుళ్లు. పసుపు వేసిన పుల్లటి చేప కూర మన కారానికి ఏమాత్రం తీసిపోదు, మధ్యమధ్య ఆ చిగుళ్లు నమలాలి. శాకాహారులు "జే" అని అడగండి, పూర్తి శాకాహారానికి అక్కడి మాట అది. మాంసం వద్దని మాత్రమే అంటే కూరలో చేప సాస్ పడుతుంది.

తర్వాత దోన్‌సక్ రేవు నుంచి ఫంగన్, అక్కడి నుంచి తావ్, డైవింగ్ నేర్చుకోవాలంటే అదే చోటు, తోడు కూడా అక్కడే దొరుకుతుంది. తావ్ నుంచి చుంఫోన్‌కి పడవ, చుంఫోన్‌లో రైలెక్కితే బ్యాంకాక్. వచ్చిన దారిన మళ్లీ వెళ్లక్కర్లేదు.

టైమ్ అయిపోతోంది, మిగతావి గబగబా. సంక్రాంతి సెలవులకైతే అండమాన్ వైపు: రనోంగ్, ఖావో లక్, సిమిలన్, లంతా. వేసవిలో ఏప్రిల్‌లో రెండు తీరాలూ బాగుంటాయి, ఎండ మాత్రం మనలాగే, 13 నుంచి 15 దాకా సోంగ్‌క్రాన్ పండగ, రైలు టికెట్లు ముందే తీసుకోండి. దసరా సెలవులు రెండు వానాకాలాలూ కలిసే సమయం, దీవులు వదిలేయమంటాను. బైక్ అద్దెకి తీసుకుంటే అంతర్జాతీయ లైసెన్స్‌లో మోటార్ సైకిల్ ముద్ర ఉందో లేదో చూసుకోండి, లేకపోతే ప్రమాదంలో ఇన్సూరెన్స్ చేతులెత్తేస్తుంది. 2025 మే 1 నుంచి డిజిటల్ అరైవల్ కార్డు తప్పనిసరి. దిగే ముందు మూడు రోజుల్లోపు ఆన్‌లైన్‌లో నింపాలి, పూర్తిగా ఉచితం, డబ్బులడిగే సైట్ ప్రభుత్వానిది కాదు. మీ సెలవులు ఏ నెలలో వస్తున్నాయో కింద రాయండి, మంగళూరా నెల్లూరా నేను చెప్తాను.