షిట్జుకి ఎండకన్నా ఉక్కే ముప్పు

(రోహిణీ కార్తె రోజుల్లో ప్రసారమైన ఫోన్-ఇన్ కార్యక్రమానికి అక్షర రూపం)

యాంకర్: శ్రోతలందరికీ నమస్కారం. ఒకప్పుడు మన గోదావరి జిల్లాల్లో బొచ్చు కుక్క అంటే పామరేనియనే. ఇప్పుడు అమలాపురం వెళ్లినా భీమవరం వెళ్లినా ఎవరో ఒకరి చేతుల్లో షిట్జు కనిపిస్తోంది. ముద్దొచ్చి తెచ్చుకున్నవాళ్లకి ఈ ఎండల్లో ఒకటే టెన్షన్. మీ సందేహాలు తీర్చడానికి పశువైద్యురాలు మనతో ఉన్నారు. నమస్కారం డాక్టర్ గారూ.

డాక్టర్: నమస్కారమండీ. ఫోన్లు తీసుకుందాం. ఈ నెలలో అడగాల్సినవి చాలా ఉంటాయి.

యాంకర్: మొదటి ఫోన్ అమలాపురం నుంచి. చెప్పండమ్మా.

అమలాపురం గృహిణి: నమస్కారమండీ డాక్టర్ గారూ. మా అబ్బాయికి బెంగళూరులో ఉద్యోగమండి. ఆఫీసు పని మీద అమెరికా వెళ్తూ వాడి కుక్కని మా దగ్గర వదిలాడు. పేరు లడ్డూ, మూడేళ్లది. అక్కడ హాయిగా ఉండేదంట. ఇక్కడ మధ్యాహ్నం అయ్యేసరికి నాలుక బయటపెట్టి ఒకటే రొప్పడం. నీడలోనే ఉంచుతున్నాం, ఫ్యాన్ కూడా వేస్తున్నాం. ఇంకేం చెయ్యాలండీ?

డాక్టర్: నీడ సరిపోదమ్మా, ఎందుకంటే ఇక్కడ ఎండతో పాటు ఉక్క ఉంది. కుక్కకి మనలాగా ఒళ్లంతా చెమట పట్టదు. రొప్పినప్పుడు నాలుక మీదా ముక్కు లోపలా ఉన్న తడి ఆవిరైతేనే దాని ఒళ్లు చల్లబడుతుంది. కోనసీమ గాలి అప్పటికే తేమతో నిండి ఉంటుంది కదా, ఆ తడి ఆవిరవ్వదు. ముసురు పట్టిన రోజున దండెం మీద బట్టలు ఆరనట్టే ఇదీను. బెంగళూరు గాలి పొడిగా, చల్లగా ఉంటుంది కాబట్టి అక్కడ నెట్టుకొచ్చింది. పైగా షిట్జు మూతి చూడండి, లోపలికి నొక్కేసినట్టుంటుంది. పొడుగు మూతి కుక్కకి ముక్కులో గాలి చల్లబడడానికి ఉన్నంత చోటు దీనికి లేదు. అందుకని మన దగ్గర ఏప్రిల్, మే నెలల్లో పగటిపూట దీనికి ఏసీ గది ఉండాల్సిందే. ఇది సోకు కాదమ్మా, అవసరం.

అమలాపురం గృహిణి: ఏసీ ఉందండీ. కానీ కరెంటు పోతే?

డాక్టర్: గచ్చు నేల మీద తడి తువ్వాలు పరిచి దాని మీద పడుకోబెట్టండి. పైన కప్పకండి, కప్పితే వేడి లోపలే ఉండిపోతుంది. పొట్ట, తొడల లోపలి భాగం, పాదాలు మామూలు నీళ్లతో తడిపి విసనకర్రతో విసరండి. ఐసు నీళ్లు వద్దు. ఇంకోటి, ఇంట్లో ఒక థర్మామీటర్ దీని కోసమే పెట్టుకోండి. కొనకి కాస్త వాజిలిన్ రాసి తోక కింద మలద్వారంలో పెట్టి చూడాలి. 101 నుంచి 102.5 డిగ్రీల ఫారెన్‌హీట్ దాకా ఉంటే మామూలే. 104 దాటిందా, నాలుక ముదురు ఎరుపుకి తిరిగిందా, జొల్లు చిక్కబడిందా, నడుస్తూ తూలుతోందా, అది వడదెబ్బ. ముందు తడపడం మొదలుపెట్టి, తడుపుతూనే ఆస్పత్రికి తీసుకెళ్లండి. 103కి దిగాక తడపడం ఆపండి.

అమలాపురం గృహిణి: మా ఆడపడుచు గుండు చేయించెయ్యమంటోందండీ.

డాక్టర్: చర్మం కనపడేలా మాత్రం వద్దమ్మా. నేరుగా ఎండ తగిలితే ఆ చర్మం కమిలిపోతుంది. ఒక అంగుళం ఉంచి కత్తిరించమనండి, పొట్ట కింద ఇంకాస్త తగ్గించొచ్చు. షికారుకి తెల్లారకముందే తీసుకెళ్లండి. సాయంత్రమైతే సిమెంటు రోడ్డు మీద మీ అరచేతి వెనక వైపు ఆనించి చూడండి, ఏడు సెకన్లు ఉంచలేకపోతే లడ్డూ కాళ్లకీ అది నడిచే రోడ్డు కాదు.

యాంకర్: తర్వాతి ఫోన్ భీమవరం నుంచి. చెప్పండి.

భీమవరం యువకుడు: మేడమ్, మా షిట్జు నిన్నటి నుంచి ఒక కన్ను తెరవట్లేదు. నీళ్లు కారుతున్నాయి. బలవంతంగా తెరిచి చూస్తే నల్లగుడ్డు మీద పొగ కమ్మినట్టు నీలంగా ఉంది. మా అమ్మకి శుక్లాల ఆపరేషన్ అయినప్పుడు ఇచ్చిన చుక్కల మందు ఉంది, అది వెయ్యమంటారా?

డాక్టర్: వద్దు బాబూ, ఆ సీసా ముట్టుకోవద్దు. ఆపరేషన్ తర్వాత ఇచ్చే చుక్కల్లో చాలావాటిలో స్టెరాయిడ్ ఉంటుంది. మీరు చెప్పేదాన్ని బట్టి నల్లగుడ్డు మీద పుండు పడినట్టుంది. దాని మీద స్టెరాయిడ్ పడితే పుండు మానదు సరికదా లోతుకి పోతుంది, గుడ్డు చిల్లు పడొచ్చు. ఈ జాతికి కంటి గుంత లోతుండదు, గుడ్డు బయటికి ఉబికి ఉంటుంది. రెప్ప కూడా కొన్నిటికి పూర్తిగా మూతపడదు. వెంట్రుక గుచ్చుకున్నా, గడ్డిపరక తగిలినా, కాలితో గోక్కున్నా గీత పడిపోతుంది. ఆస్పత్రిలో కంట్లో ఒక రంగు చుక్క వేస్తారు. పుండు ఉన్నచోట ఆ రంగు పట్టి పచ్చగా మెరుస్తుంది, అప్పుడు మందు తేలుస్తారు. ఇది రేపటిదాకా ఆగే పని కాదు. గోక్కోకుండా మెడకి కోన్, అంటే గరాటులా ఉండే పట్టీ, వేసి ఇప్పుడే బయల్దేరండి.

భీమవరం యువకుడు: అలాగే మేడమ్, వెళ్తున్నాను.

డాక్టర్: మిగతావాళ్లు కూడా వినండి. షిట్జు ఉన్న ఇంట్లో రోజూ పొద్దున్నే జరగాల్సిన పని ఒకటుంది. కాచి చల్లార్చిన నీళ్లలో దూది ముంచి, బాగా పిండి, కంటి లోపలి మూల నుంచి కిందికి ముక్కు పక్కగా తుడవాలి. ఆ మూలలో గోధుమరంగు పుసి గట్టిపడి ఉంటుంది. దాన్ని గోటితో లాగొద్దు, తడి దూది ఒక నిమిషం ఆనించి ఉంచితే దానంతటదే నానుతుంది. ఒక కంటికి వాడిన దూది రెండో కంటికి వాడకూడదు. ముక్కు మీద వెంట్రుకలు పైకి లేచి కంట్లోకి వస్తుంటే కత్తిరించడమో, నడినెత్తిన పిలక వెయ్యడమో చెయ్యాలి. మెడకి పట్టీ కట్టి గుంజొద్దు. ఛాతీకి తొడిగే హార్నెస్ కొనండి, మెడ నొక్కుకుంటే కళ్ల మీదా ఒత్తిడి పడుతుంది.

యాంకర్: రాజోలు దగ్గర లంక గ్రామం నుంచి ఒక రైతు గారు లైన్లో ఉన్నారు. నమస్కారమండీ.

లంక గ్రామం రైతు: ఆయ్, నమస్కారమండి. మా మనవరాలు ఆ కుక్కే కావాలని పేచీ పెడతందండి. ఎలాగూ కొంటాం కదా, రాత్రిళ్లు కొబ్బరితోటలో కట్టేస్తే కాపలాకి పనికొస్తదాండి?

డాక్టర్: పనికిరాదండీ, ఆ మాట ముందే అడిగి మంచి పని చేశారు. దీని పుట్టుపూర్వోత్తరాలు టిబెట్‌లో ఉన్నాయి. అక్కణ్నుంచి చైనా రాజభవనాలకి వెళ్లింది. 1908లో చనిపోయిన రాణి సిషీ వీటిని అపురూపంగా చూసుకునేది. వేటకీ కాదు, మందకీ కాదు, కాపలాకీ కాదు. తరతరాలుగా మనిషి పక్కన కూర్చోడానికే పెంచారు. 1930లో బ్రిటన్‌కి కొన్ని చేరాయి, ఆ తర్వాత చైనాలో ఈ జాతి దాదాపు అంతరించింది. ఇవాళ లోకంలో ఉన్న షిట్జులన్నీ 14 కుక్కల సంతానమని చెబుతారు. అంత కొద్దిపాటి మూలం నుంచి వచ్చాయి కాబట్టే పుట్టుకతో వచ్చే కిడ్నీ జబ్బు కొన్నిట్లో కనిపిస్తుంది. కొనేటప్పుడు తల్లిని చూపించమని పట్టుబట్టండి.

లంక గ్రామం రైతు: మరి గుణం ఎలాగుంటదండి?

డాక్టర్: దొంగొచ్చినా తోకూపుతుందండీ. కొత్తవాళ్లంటే కోపం ఉండదు. మీరు వంటింట్లోకి వెళ్తే వంటింట్లోకి, స్నానానికెళ్తే తలుపు దగ్గరికి వస్తుంది. మొండితనం మాత్రం ఉంది. ఒకటికి రెంటికి బయటికి వెళ్లడం నేర్పడానికి నెలలు పడుతుంది, అరిచినా కొట్టినా నేర్చుకోదు, భయపడి మంచం కింద పోసుకుంటుంది. చెప్పినచోట పోసిన వెంటనే చిన్న మాంసం ముక్క నోటికందిస్తే తొందరగా పట్టుకుంటుంది. తోటలో ఒంటరిగా కట్టేస్తే రాత్రంతా ఏడుస్తుంది, పాదాలు నాకి నాకి పుండ్లు చేసుకుంటుంది. దీనికి మనిషి దగ్గర లేకపోవడమే పెద్ద శిక్ష. కాపలాకి మన నాటు కుక్కని తెచ్చుకోండి. ఈ వాతావరణానికి దాన్ని మించింది లేదు.

లంక గ్రామం రైతు: సరేనండి. ఇది ఇంట్లో, అది తోటలో.

డాక్టర్: బావుంది. ఇంకో మాట. జూన్‌లో కాలువలకి నీళ్లు వదులుతారు, వానలూ మొదలవుతాయి. కొబ్బరి తోటల్లో ఎలుకలు ఎక్కువ. వాటి మూత్రం కలిసిన నీళ్లు కుక్క తాగినా, ఆ బురదలో నడిచినా లెప్టోస్పైరోసిస్ రావొచ్చు, దాన్నుంచి ఇంట్లోవాళ్లకీ అంటుకుంటుంది. ఎలుకజ్వరం అంటారు చూడండి, అదే. పిల్లకి ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య టీకాలు మొదలవుతాయి, అందులో లెప్టో కూడా ఉండేలా అడిగి వేయించండి. ఆ తర్వాత ఏటా మళ్లీ వెయ్యాలి. మూడు నెలలు నిండాక రేబిస్ టీకా. జూలై 6న ప్రపంచ జూనోసిస్ దినం, అంటే జంతువుల నుంచి మనుషులకి సోకే జబ్బుల మీద అవగాహన కల్పించే రోజు. ఆ రోజు ప్రభుత్వ పశువైద్యశాలల్లో రేబిస్ టీకా ఉచితంగా వేస్తారు. నాటు కుక్కనీ తీసుకెళ్లండి.

యాంకర్: పాలకొల్లు నుంచి ఒక చిన్నారి. ఏం చదువుతున్నావమ్మా?

పాలకొల్లు బాలిక: ఆరో తరగతండీ. డాక్టర్ ఆంటీ, మా తాతయ్య మా బన్నీకి పూతరేకు పెడతారు. చేపల పులుసన్నం కూడా పెడతారు. పెట్టకూడదని నేనంటే అది అడుగుతోంది కదా అంటారు.

డాక్టర్: నువ్వు చెప్పిందే కరెక్టు తల్లీ. తాతయ్యని రేడియో దగ్గరికి పిలువు. అయ్యా, బన్నీ బరువు అయిదారు కిలోలుంటుందేమో. ఒక పూతరేకులో ఉన్న నెయ్యీ చక్కెరా ఆ చిన్న ఒంటికి చాలా ఎక్కువ. నెయ్యి ఎక్కువైతే క్లోమం వాచి ప్రాణం మీదికి వస్తుంది. పులుసులో ఉల్లిపాయ ఉంటుంది, ఉల్లీ వెల్లుల్లీ కుక్క రక్తంలోని ఎర్రకణాల్ని పాడుచేస్తాయి. ద్రాక్ష, ఎండుద్రాక్ష, చాక్లెట్ అసలే వద్దు. మీకు పెట్టాలనిపిస్తే ఉప్పూకారం లేకుండా ఉడికించిన చేప, ముల్లు లేకుండా వేళ్లతో నలిపి చూసి, రెండు ముద్దలు పెట్టండి. అదీ దానికి పండగే.

పాలకొల్లు బాలిక: థాంక్యూ ఆంటీ. తాతయ్య విన్నారు.

యాంకర్: తణుకు నుంచి ఫోన్.

తణుకు శ్రోత: డాక్టర్ గారూ, మా కుక్కకి గోమార్లు పట్టేశాయండి. గేదెలకి కొట్టే మందు ఇంట్లో ఉంది. కలిపి కొట్టెయ్యొచ్చా?

డాక్టర్: కొట్టకండి. అది గేదె బరువుకి లెక్కకట్టిన మందు, మీ కుక్క ఒళ్లు నాక్కుంటుంది, ఫిట్స్ వస్తాయి. చిన్న కుక్కల బరువుకి తగ్గ మాత్రలు, మెడ మీద వేసే చుక్కల మందు ఉన్నాయి, డాక్టర్ దగ్గర తూకం వేయించి తీసుకోండి. గోమార్లు చెవి మడతల్లోనూ కాలివేళ్ల మధ్యా దాక్కుంటాయి, దువ్వేటప్పుడు అక్కడ వేలు పెట్టి వెతకండి. చిగుళ్లు పాలిపోయినా, మూత్రం కాఫీ రంగులో వచ్చినా అవి మోసుకొచ్చే జ్వరం పట్టిందని అనుమానించి రక్తపరీక్ష చేయించండి.

యాంకర్: సమయం దగ్గర పడింది, చివరి ఫోన్ రాజమండ్రి నుంచి. మాస్టారూ, చెప్పండి.

రాజమండ్రి విశ్రాంత ఉపాధ్యాయుడు: నమస్కారమమ్మా. నాకు 70 ఏళ్లు. మా ఆవిడ పోయాక ఒక్కణ్నే ఉంటున్నాను. మా అమ్మాయి షిట్జు పిల్లని తెచ్చిస్తానంటోంది. నేను చూసుకోగలనా అని ఆలోచిస్తున్నాను.

డాక్టర్: మాస్టారూ, మీలాంటివాళ్ల దగ్గర అది చాలా సుఖంగా ఉంటుంది. రోజంతా ఇంట్లో మనిషి ఉండడమే దానికి కావాల్సింది. ఎక్కువ దూరం నడవక్కర్లేదు. కానీ రోజూ దువ్వాలి, లేదంటే జుట్టు అట్టకట్టి చర్మాన్ని లాగేస్తుంది. నెలా నెలన్నరకి ఒకసారి కత్తిరింపు ఖర్చు ఉంటుంది. అన్నిటికన్నా ముఖ్యమైనది, పది నుంచి పదహారేళ్లు బతుకుతుంది. అందుకని అమ్మాయిని ఒకటే అడగండి. మీకు చేతకానిరోజున దాన్ని ఎవరు తీసుకెళ్తారని. ఆమె గట్టిగా ఒప్పుకుంటేనే తెచ్చుకోండి. అప్పుడు కూడా చిన్న పిల్ల వద్దు. రాత్రిళ్లు లేపుతుంది, కాళ్లకి అడ్డం పడుతుంది. పెంచలేక ఇచ్చేసేవాళ్లు ఉంటారు, నాలుగైదేళ్ల వయసున్నది దొరుకుతుంది. పళ్లు, కళ్లు, ముక్కు రంధ్రాలు డాక్టర్‌కి చూపించి తీసుకోండి. ఊపిరి తీసినప్పుడు ముక్కు రంధ్రాలు లోపలికి మూసుకుపోతుంటే, పడుకున్నప్పుడు గట్టిగా గురక పెడుతుంటే, అది మన ఉక్కకి తట్టుకోలేదు, దాన్ని వదిలెయ్యండి.

రాజమండ్రి విశ్రాంత ఉపాధ్యాయుడు: పడగ్గదిలో ఏసీ ఉందమ్మా.

డాక్టర్: అయితే దాని పక్క కూడా ఆ గదిలోనే వెయ్యండి. మంచం పక్కన రెండు చిన్న మెట్లు చేయించండి, ఎత్తు మీంచి దూకితే వెన్నుపూస దెబ్బతింటుంది. రాత్రి లేచినప్పుడు మీ కాళ్ల దగ్గరే పడుకుని ఉంటుంది మాస్టారూ, లైటు వేసుకుని అడుగెయ్యండి.