మంచుబొమ్మల్ని పగలగొట్టిన పాప

తమ్ముడు: నమస్కారమండీ. అక్కా, ఈ వారం నువ్వు ఎంచుకున్న సినిమా 1944 నాటిది. జనం స్కిప్ కొట్టేస్తారేమో!

అక్క: కొట్టనీరా. 'మీట్ మి ఇన్ సెయింట్ లూయిస్'. కథ 1903లో, అమెరికాలోని సెయింట్ లూయిస్ నగరంలో మొదలవుతుంది. మరుసటి ఏడాది ఊళ్లో పెద్ద ఎగ్జిబిషన్ ఉందని అందరూ ఎదురుచూస్తుంటారు. స్మిత్ గారికి నలుగురు ఆడపిల్లలు, ఒక కొడుకు. ఆఖరిది టూటీ.

తమ్ముడు: నాన్నగారేమో ఒకరోజు ఇంటికొచ్చి, మనం న్యూయార్క్ వెళ్లిపోతున్నాం అంటాడు. పైగా అందరూ సంతోషిస్తారనుకుంటాడు, పాపం.

అక్క: ఎవర్నీ అడగడుగా! నాకు నచ్చింది మాత్రం టూటీయే. ముద్దుముద్దుగా మాట్లాడే సినిమా పిల్ల కాదది. తన బొమ్మకి నాలుగు రోగాలున్నాయంటుంది, ఒక్కటి చాలు ప్రాణం తియ్యడానికి! పోయిన బొమ్మల్ని పాతిపెడుతుంది కూడా. ఊరు మారుతున్నాం అనగానే దాని లెక్క ఏంటో తెలుసా? పాతిన బొమ్మలన్నీ తవ్వి తియ్యడానికే వారం పడుతుందట.

తమ్ముడు: సామాను సర్దుకోవడమంటే అదీ! ఆ క్రిస్మస్ రాత్రి సీన్ చెప్పు.

అక్క: టూటీ నిద్రపోకుండా కిటికీ దగ్గర కూర్చుంటుంది. మనం ఇల్లు మారిపోతే వచ్చే ఏడాది శాంటా మనల్ని ఎలా కనుక్కుంటాడని దాని బెంగ. అక్క ఎస్తర్, అంటే జూడీ గార్లాండ్, ఓదార్చడానికి పాట పాడుతుంది. ఆ పాటని హ్యూ మార్టిన్ మొదట ఇంకా దిగులుగా రాశాడు, బహుశా నీకిదే ఆఖరి క్రిస్మస్ అన్నట్టు. ఏడుస్తున్న పిల్లకి అలాంటి పాట పాడితే నన్ను రాక్షసి అనుకుంటారని గార్లాండ్ మార్పించింది.

తమ్ముడు: మార్చినా పాప ఏడుపు ఆగలేదుగా.

అక్క: ఎక్కడాగుతుంది! నైట్‌గౌనులోనే పెరట్లోకి పరిగెత్తి, తాము చేసుకున్న మంచు మనుషుల్ని కర్రతో బాదేస్తుంది. న్యూయార్క్ తీసుకెళ్లలేకపోతే ఇంకెవరికీ దక్కకూడదని. పైకిటికీలోంచి నాన్న చూస్తాడు. డైరెక్టర్ విన్సెంటే మినెల్లి ఆ ఏడుపుని అందంగా చూపించే ప్రయత్నమే చెయ్యలేదు. ఆ పాప మార్గరెట్ ఓబ్రయన్‌కి అప్పుడు ఏడేళ్లు కాస్త అటూ ఇటూ. బాలనటి ఆస్కార్ ఇచ్చారు. తర్వాత ఆ ఆస్కార్ బొమ్మ ఎక్కడో పోయి, మళ్లీ 1995లో ఆవిడ చేతికొచ్చింది. అది వేరే కథలే.

తమ్ముడు: నాకొక్కటే కంప్లైంట్. నాన్న ఆ రాత్రికి రాత్రే ప్రయాణం మానేస్తాడు. మన నాన్న బాపట్ల ట్రాన్స్‌ఫర్ మానుకున్నారా?

అక్క: మానుకుంటే జీతం ఎవరిస్తారు? సినిమా కాబట్టి సరిపోయింది. నేను మాత్రం ఆ సీన్ రెండుసార్లు వెనక్కి తిప్పి చూశాను.

తమ్ముడు: ఎందుకూ?

అక్క: పాత క్వార్టర్స్‌లో వంటింటి తలుపు పక్కన మన ఎత్తులు పెన్సిల్‌తో గీసేవారు, గుర్తుందా? నీవి కింద, నావి పైన.

తమ్ముడు: గుర్తుంది. లారీ ఎక్కేముందు చూద్దామని వెళ్తే లేవు. అమ్మ తుడిచేసిందని వారం రోజులు అలిగాను.

అక్క: అమ్మ కాదురా. తడిగుడ్డ పెట్టి తుడిచింది నేనే. కొత్తగా వచ్చేవాళ్ల పిల్లలు వాటి పక్కన నిలబడి కొలుచుకుంటారని.

తమ్ముడు: ఒసేయ్ అక్కా! ఇన్నేళ్లూ అమ్మని అన్నాను కదే!