మంచం దిగి వేసే మొదటి పది అడుగులు

శ్రోతలకు నమస్కారం.

యాభై దాటాకో అరవై దాటాకో పరుగు మొదలుపెట్టినవాళ్లు మొదటి రోజే మానేస్తారని అనుకుంటాం. కానీ మొదటి రోజు ఒళ్లు నొప్పులు వస్తాయని అందరికీ తెలుసు, దానికి సిద్ధపడే బయల్దేరుతారు. చాలామందికి దెబ్బ తగిలేది కొన్ని వారాలు గడిచాక. అదీ ఆయాసం వల్ల కాదు, ఆయాసం తగ్గడం వల్ల.

ఎలాగంటే, పరుగు మొదలుపెట్టిన రెండు మూడు వారాల్లోనే ఒంట్లో రక్తంలోని ద్రవం పెరుగుతుంది. గుండె కొట్టుకున్న ప్రతిసారీ ఎక్కువ రక్తం పంపగలుగుతుంది. మొదటి రోజు రొప్పించిన దూరం ఇప్పుడు హాయిగా సాగుతుంది. మనిషికి ఉత్సాహం వస్తుంది, రెట్టింపు పరిగెడతాడు. కానీ పిక్కలు, మడమలు, ఎముకలు ఇంకా మొదటి వారంలోనే ఉన్నాయి. ఊపిరికి వారాలు చాలు, కాళ్లకు నెలలు కావాలి. ఈ మాట ఇవాళ మళ్లీ చెబుతాను, విసుక్కోకండి.

ముందుగా ఒక సంగతి తేల్చేద్దాం. గుండె జబ్బు, మధుమేహం, రక్తపోటు ఉన్నవాళ్లు, నడుస్తుంటే ఛాతీలో బరువుగా అనిపించేవాళ్లు, కళ్లు తిరిగేవాళ్లు డాక్టరుకు చూపించుకున్నాకే మొదలుపెట్టాలి. ఆగకుండా అరగంట చురుగ్గా నడవలేకపోతే ముందు ఆ నడక సాధించాలి. పరుగు ఎక్కడికీ పోదు.

ఇక మొదటి రోజు. అమెరికాలో జాష్ క్లార్క్ అనే ఆయన 1996లో, యాభై దాటిన వాళ్లమ్మను దృష్టిలో పెట్టుకుని తొమ్మిది వారాల పద్ధతి ఒకటి తయారుచేశారు. దాని మొదటి వారం ఇది. ఐదు నిమిషాలు చురుగ్గా నడవాలి. తర్వాత ఒక నిమిషం పరుగు, నిమిషంన్నర నడక. మళ్లీ ఒక నిమిషం పరుగు, నిమిషంన్నర నడక. ఇలా ఎనిమిది సార్లు, మొత్తం ఇరవై నిమిషాలు. ఆ తర్వాత ఐదు నిమిషాలు నెమ్మదిగా నడిచి ముగించాలి. అంటే అరగంటలో పరిగెత్తింది ఎనిమిది నిమిషాలే. వారానికి మూడు రోజులు, మధ్యలో కనీసం ఒక రోజు విరామం. పెద్ద వయసువాళ్లకు నా సలహా ఏమిటంటే, ప్రతి వారం పాఠాన్నీ రెండు వారాలు చేయండి. తొమ్మిది వారాలు పద్దెనిమిది అవుతాయి. కానివ్వండి.

ఇందులో అందరూ చేసే పొరపాటు మొదటి నిమిషంలోనే జరుగుతుంది. ఒక్క నిమిషమే కదా అని బస్సు అందుకోవడానికి పరిగెత్తినట్టు పరిగెడతారు. మూడో విడతకే కాళ్లు బరువెక్కుతాయి. నడకకూ పరుగుకూ అసలు తేడా వేగంలో లేదు. నడకలో ఎప్పుడూ ఒక పాదమైనా నేల మీద ఉంటుంది, పరుగులో క్షణంపాటు రెండూ గాల్లో ఉంటాయి. అంతే. చిన్న చిన్న అడుగులు వేస్తూ, పక్కన ఉన్నవాళ్లతో ఆరేడు మాటల వాక్యం ఒక్క ఊపిరిలో చెప్పగలిగినంత నెమ్మదిగా పరిగెత్తండి. పక్కనుంచి ఎవరైనా నడుచుకుంటూ మిమ్మల్ని దాటిపోయారా, మరేం ఫరవాలేదు. చేతి గడియారంలో గుండె వేగం చూసి నడుచుకుందామనుకునేవారికి ఒక హెచ్చరిక. రక్తపోటుకు, గుండె జబ్బుకు ఇచ్చే బీటా బ్లాకర్ మాత్రలు వేసుకునేవాళ్లకు గుండె వేగం మామూలుగా పెరగదు, ఆ అంకెను నమ్మి లాభం లేదు. మాట్లాడగలుగుతున్నానా లేదా అన్నదే నమ్మకమైన కొలత.

ఇప్పుడు నాకు ఇష్టమైన చోటికి వస్తాను. మడమకు కాస్త పైన, వెనకవైపు రెండు వేళ్లతో పట్టుకుని చూడండి. గట్టిగా తాడులాగా తగులుతుంది. నొప్పి చేస్తే మనం నరం పట్టేసిందంటాం గానీ అది నరం కాదు. పిక్క కండరాలను మడమ ఎముకకు కట్టి ఉంచే తాడు. డాక్టర్లు అకిలిస్ టెండన్ అంటారు. మనం మడమ తాడు అనుకుందాం.

నడిచేటప్పుడు పాదం మీద పడేది ఒంటి బరువు కంటే కాస్త ఎక్కువ. పరిగెత్తేటప్పుడు రెండు, మూడు రెట్లు. మడమ తాడు మీద పడే లాగుడు అంతకు ఇంకా ఎక్కువ, ఒంటి బరువుకు ఐదారు రెట్లు. నిమిషానికి ఒక్కో కాలు సుమారు డెబ్బై ఐదు సార్లు నేలను తాకుతుంది. ఎనిమిది నిమిషాలకు ఆరు వందల సార్లు. ఇరవై ఏళ్లుగా కుర్చీలో కూర్చున్న తాడును ఒక్క పూటలో ఆరు వందల సార్లు లాగి వదులుతున్నామన్నమాట.

కండరం ఎర్రగా ఉంటుంది, రక్తం బాగా అందుతుంది, త్వరగా కోలుకుంటుంది. తాడు తెల్లగా ఉంటుంది. దానికి రక్తం అందేదే తక్కువ. పైగా పరుగు అయిన తర్వాత మొదటి రోజు, రోజున్నర వరకు అందులో కొత్త పోగుల కట్టుబడి కంటే పాత పోగుల కూలుడే ఎక్కువ. ఆ తర్వాతే కట్టుబడి పైచేయి అవుతుంది. మధ్యలో ఒక రోజు విరామం అనేది బద్ధకస్తులకు ఇచ్చిన వెసులుబాటు కాదు, తాడు కట్టుకునే రోజు. ఆ రోజు కూడా పరిగెడితే కూలిన చోటే మళ్లీ కూలుతుంది. ఊపిరికి వారాలు, కాళ్లకు నెలలు అన్నది ఇందుకే.

వయసుతో పాటు పిక్కల్లో బలం తగ్గుతుంది కాబట్టి ఆ బలాన్ని విడిగా పెంచుకోవాలి. పరుగు మొదలుపెట్టడానికి నెల ముందే ఈ పని మొదలెడితే మరీ మంచిది. గోడకు ఎదురుగా నిలబడి, పడిపోకుండా వేళ్ల కొసలు గోడకు ఆనించండి. మూడు లెక్కపెడుతూ మునివేళ్ల మీద లేవండి. ఒక క్షణం ఆగండి. మూడు లెక్కపెడుతూ దిగండి. ఇలా పదిహేను సార్లు చేసి, రెండు నిమిషాలు ఆగి, మళ్లీ పదిహేను. మొత్తం మూడు విడతలు, రోజు విడిచి రోజు. ఇది తేలికైనప్పుడు రెండు కాళ్ల మీద లేచి ఒక కాలి మీద దిగండి. అదీ తేలికైతే లేవడం, దిగడం రెండూ ఒంటి కాలి మీదే. పిక్కలో లోపలి పొరగా ఇంకో కండరం ఉంది, పరుగులో ఎక్కువ బరువు మోసేది అదే. దానికోసం ఒక విడతను మోకాళ్లు కాస్త వంచి ఉంచి చేయండి.

ఇక్కడ తప్పు రెండు చోట్ల జరుగుతుంది. ఒకటి, లేచేటప్పుడు చీలమండ బయటికి వాలి బరువంతా చిటికెన వేలి మీద పడుతుంది. బరువు బొటనవేలి వైపే ఉండాలి. రెండు, దిగేటప్పుడు ధబ్బున పడిపోతారు. నెమ్మదిగా దిగడంలోనే సగం ఫలితం ఉంది. మీరు ధబ్బున దిగితే ఆ సగం పోయినట్టే.

బూట్ల గురించి ఒక్క మాట. సాయంత్రం పాదాలు కాస్త ఉబ్బి ఉన్నప్పుడు కొనండి, వేళ్ల ముందు బొటనవేలి వెడల్పంత ఖాళీ ఉండాలి. మడమ దగ్గర మందం లేని పలుచటి బూట్లకు ఉన్నట్టుండి మారకండి, అవి మడమ తాడును మరింత లాగుతాయి. ఎత్తులు ఎక్కే దారులూ అంతే. మొదటి మూడు నెలలు చదునైన నేల చాలు.

మందుల గురించి కూడా ఒకటి చెప్పాలి, ఎందుకంటే చాలామందికి తెలియదు. సిప్రోఫ్లాక్సాసిన్, లీవోఫ్లాక్సాసిన్ లాంటి యాంటీబయాటిక్‌ల వల్ల మడమ తాడు వాయవచ్చు, తెగవచ్చు కూడా. 2008లోనే అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ వాటిపై తీవ్ర హెచ్చరిక ముద్రించమంది. అరవై దాటినవాళ్లకు, స్టెరాయిడ్లు వాడేవాళ్లకు ఈ ప్రమాదం ఇంకా ఎక్కువ. అలాంటి మందు రాస్తే, నేను పరిగెడుతున్నాను అని డాక్టరుకు చెప్పండి. మందు మీ అంతట మీరు ఆపకండి, పరుగు మాత్రం ఆపండి.

ఇంత విన్నాక మీరు ఒక్కటి గుర్తుపెట్టుకుంటే చాలు. పరుగు సరిపోయిందా, ఎక్కువైందా అన్నది పరిగెత్తేటప్పుడు తెలియదు. ఒళ్లు వేడెక్కితే తాడు నొప్పి దాక్కుంటుంది. మర్నాడు తెల్లవారి మంచం దిగి వేసే మొదటి పది అడుగుల్లో బయటపడుతుంది.

ఆ పది అడుగుల్లో బిగుతు లేదు, లేదా పదో అడుగుకల్లా వదిలేసింది. నిన్నటి మోతాదు సరిపోయింది. మొహం కడుక్కునేదాకా పట్టేసినట్టు ఉందా? ఈ వారం పాఠమే వచ్చే వారం కూడా. అరగంటైనా కుంటుతున్నారా, నిన్నటి కంటే ఇవాళ ఎక్కువుందా? అది తగ్గేదాకా పరుగు లేదు, నొప్పి లేకుండా నడవగలిగితే నడవండి. ముంగాలి ఎముక మీద ఒక వేలితో చూపించగలిగినంత చోటులోనే నొప్పి ఉంటే ఎముకలో పగులు ఉండొచ్చు, డాక్టరుకు చూపించండి. ఒక్క పిక్కే వాచి వేడిగా ఉంటే రక్తం గడ్డకట్టి ఉండొచ్చు. వెనకనుంచి ఎవరో తన్నినట్టు టప్పున శబ్దం వచ్చి ఆ కాలి మునివేళ్ల మీద లేవలేకపోతే తాడు తెగి ఉండొచ్చు. ఈ రెండింటికీ ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి.

మంచం పక్కన ఒక క్యాలెండరు, పెన్ను పెట్టుకోండి. ఆ పది అడుగుల బిగుతుకు సున్నా నుంచి పది వరకు ఒక అంకె వేసి, లేచిన వెంటనే ఆ తేదీ గడిలో రాయండి. మధ్యాహ్నం గుర్తుచేసుకుని రాస్తే తక్కువే రాస్తారు. రెండు వారాలు ఆ అంకె పెరగకపోతేనే తర్వాతి పాఠానికి వెళ్లండి.

నమస్కారం.