నూరు నిమిషాలు, ఎనిమిదేళ్లు: ఎన్నికల ఖర్చుపై ఫిర్యాదు ఏమవుతుంది?

అందరికీ నమస్కారం.

అభ్యర్థి పెట్టే ఖర్చు మీద ఎవరైనా ఫిర్యాదు చేస్తే అది ఎవరి చేతికి వెళుతుంది, ఎక్కడ ఆగుతుంది, ఎన్నాళ్లు ఆగుతుంది? ఈ రోజు దీని గురించే మాట్లాడుకుందాం. "కంప్లైంట్ ఇచ్చి ఏం లాభమండీ, ఎవరూ పట్టించుకోరు" అనే మాట తరచూ వింటుంటాం. అందులో సగమే నిజం. పోలింగ్ దాకా మన ఎన్నికల యంత్రాంగం చాలా వేగంగా పరుగెత్తుతుంది. ఫలితాలు వచ్చాక దాని నడక ఒక్కసారిగా మందగిస్తుంది. నా బాధంతా ఆ రెండో సగం గురించే.

ముందు వేగంగా జరిగేది చూద్దాం. 2018లో ఎన్నికల సంఘం సీవిజిల్ యాప్ తెచ్చింది. డబ్బో, మద్యమో, చీరలో పంచుతుంటే అక్కడే ఫొటో గానీ వీడియో గానీ తీసి పంపాలి. ఎక్కడ తీశారో యాప్ దానంతట అదే నమోదు చేసుకుంటుంది. పేరు చెప్పకుండా కూడా పంపొచ్చు. ఫిర్యాదు 5 నిమిషాల్లో జిల్లా కంట్రోల్ రూమ్ నుంచి ఫ్లయింగ్ స్క్వాడ్‌కు చేరాలి. 15 నిమిషాల్లో స్క్వాడ్ అక్కడికి వెళ్లాలి. 30 నిమిషాల్లో విచారించి నివేదిక పంపాలి. మిగతా 50 నిమిషాల్లో రిటర్నింగ్ అధికారి నిర్ణయం తీసుకోవాలి. మొత్తం నూరు నిమిషాలు. 2024 లోక్‌సభ ఎన్నికల్లో మార్చి నెలాఖరుకే 79 వేలకు పైగా ఫిర్యాదులు వచ్చాయనీ, వాటిలో 99 శాతం పరిష్కరించామనీ ఎన్నికల సంఘం ప్రకటించింది. ఒక్క మాట గుర్తుంచుకోండి. పరిష్కారం అంటే శిక్ష అని కాదు. అనుమతి లేని ఫ్లెక్సీ పీకేసినా ఆ లెక్కలో పరిష్కారమే.

డబ్బు పట్టుకోవడంలోనూ ఇదే వేగం. 2019 లోక్‌సభ ఎన్నికలన్నీ ముగిసేసరికి దేశమంతటా పట్టుబడిన నగదు, మద్యం, మాదకద్రవ్యాలు, కానుకల విలువ 3,475 కోట్ల రూపాయలు. 2024లో తొలి దశ పోలింగ్ కూడా జరగకముందే అది 4,650 కోట్లు దాటింది. సొంత డబ్బు తీసుకెళుతూ తనిఖీల్లో ఇరుక్కున్న వ్యాపారులు, రైతులు కూడా ఉంటారు. వాళ్ల కోసం జిల్లాలో ముగ్గురు అధికారుల కమిటీ ఉంటుంది. కాగితాలు చూపిస్తే డబ్బు వెనక్కి ఇవ్వాలి. ఈ కమిటీ సంగతి తెలియక తిరిగి తిరిగి విసిగిపోయేవాళ్లు ఉన్నారు కాబట్టి చెబుతున్నాను.

పట్టుకున్నాక ఏమవుతుంది? ఓటుకు డబ్బిస్తే భారతీయ న్యాయ సంహిత 170, 173 సెక్షన్ల కింద గరిష్ఠ శిక్ష ఏడాది జైలు. పైగా అది నాన్ కాగ్నిజబుల్ నేరం, అంటే మేజిస్ట్రేట్ అనుమతి లేకుండా పోలీసులు దర్యాప్తు మొదలుపెట్టలేరు. ఎన్నికల లెక్కలు రాయకపోతే 177వ సెక్షన్ కింద జరిమానా మహా అయితే 5 వేల రూపాయలు. పాత ఐపీసీలో అది 500 ఉండేది. అందుకే పరిస్థితి మరీ చేయి దాటినప్పుడు ఎన్నికల సంఘం ఎన్నికనే ఆపేస్తుంది. 2017 ఏప్రిల్‌లో చెన్నై ఆర్.కె.నగర్ ఉప ఎన్నిక, 2019 ఏప్రిల్‌లో వెల్లూరు లోక్‌సభ ఎన్నిక అలాగే రద్దయ్యాయి. వెల్లూరులో చివరికి ఆగస్టులో పోలింగ్ జరిగింది. దీంతో ఓటరు నెలల తరబడి ఎదురుచూడాల్సి వచ్చింది.

ఇప్పుడు రెండో సగానికి వద్దాం. ప్రజాప్రాతినిధ్య చట్టం 77వ సెక్షన్ ప్రకారం, నామినేషన్ వేసిన రోజు నుంచి ఫలితం ప్రకటించిన రోజు దాకా ప్రతి ఖర్చుకూ అభ్యర్థి లెక్క రాయాలి. మన రాష్ట్రాల లాంటి పెద్ద రాష్ట్రాల్లో 2022 నుంచి పరిమితి లోక్‌సభకు 95 లక్షలు, అసెంబ్లీకి 40 లక్షలు. ఫలితం వచ్చిన 30 రోజుల్లోగా ఆ లెక్క జిల్లా ఎన్నికల అధికారికి అప్పగించాలి.

అభ్యర్థి రాసే లెక్క ఒక్కటే ఉంటే ఇంత చర్చ అక్కర్లేదు. అధికారులు కూడా పక్కన ఒక లెక్క రాస్తారు. దాన్ని షాడో రిజిస్టర్ అంటారు. అది ఎలా తయారవుతుందో కొంచెం దగ్గరగా చూద్దాం. ఒక బహిరంగ సభ జరుగుతోంది అనుకోండి. వీడియో నిఘా బృందం అక్కడికి వెళుతుంది. కెమెరా ఆన్ చేయగానే ఒకాయన సభ ఎక్కడ, ఏ తేదీన, ఏ అభ్యర్థి తరఫున అన్నది పైకి చదివి రికార్డు చేస్తాడు. తర్వాత కెమెరా మెల్లగా తిరుగుతుంది. వేదిక ఎంత పొడవు, కుర్చీలు ఎన్ని వరుసలు, వరుసకు ఎన్ని, కటౌట్లు ఎన్ని, ఆగిన వాహనాల నంబర్లేమిటి, అన్నీ అందులో పడతాయి. ఆ వీడియోను మరో బృందం కూర్చుని చూస్తుంది. కుర్చీకి ఇంత, షామియానాకు ఇంత, భోజనానికి ఇంత అని పార్టీలతో మాట్లాడి జిల్లాలో ముందే ఖరారు చేసిన రేట్ల పట్టిక ఉంటుంది. దాని ప్రకారం లెక్కగట్టి షాడో రిజిస్టర్‌లో ఎక్కిస్తారు.

ప్రచారం జరుగుతుండగానే, ఖర్చుల మీద కన్నేసి ఉంచడానికి ఎన్నికల సంఘం పంపే వ్యయ పరిశీలకుడు కనీసం మూడుసార్లు అభ్యర్థి రిజిస్టర్‌ను, షాడో రిజిస్టర్‌ను పక్కపక్కన పెట్టి చూస్తాడు. తేడా కనిపిస్తే రిటర్నింగ్ అధికారి 24 గంటల్లో నోటీసు ఇవ్వాలి, అభ్యర్థి 48 గంటల్లో జవాబు చెప్పాలి. చెప్పకపోతే ఆ తేడా మొత్తం అభ్యర్థి ఖర్చులో కలుస్తుంది. మన ఫిర్యాదు నిజంగా పనికొచ్చే చోటు ఇదే. "వాళ్లు కోట్లు ఖర్చు పెడుతున్నారు" అని రాస్తే ఆ కాగితం ఫైల్లో చేరి ఊరుకుంటుంది. ఫలానా తేదీన, ఫలానా ఫంక్షన్ హాల్లో, ఇన్ని కుర్చీలు, ఇన్ని బస్సులు, ఇదిగో వీడియో అని ఇస్తే, అది షాడో రిజిస్టర్‌లో ఒక పద్దు అవుతుంది. అదే తర్వాత సాక్ష్యం అవుతుంది.

మరి తేడా ఉందని తేలితే? చాలామంది ఇక్కడే పొరబడతారు. పరిమితి మించి ఖర్చు పెట్టాడని గెలిచినవాణ్ని ఎన్నికల సంఘం నేరుగా దించలేదు. పరిమితి దాటడం ప్రజాప్రాతినిధ్య చట్టం 123వ సెక్షన్ కింద అవినీతి చర్య. దాన్ని తేల్చాల్సింది హైకోర్టు, అదీ ఎవరైనా ఎన్నికల పిటిషన్ వేస్తేనే. ఎన్నికల సంఘం చేతిలో ఉన్నది అదే చట్టంలోని 10ఏ సెక్షన్. గడువులోగా, చట్టం చెప్పిన పద్ధతిలో లెక్క ఇవ్వనివారిని అది మూడేళ్లు అనర్హులుగా ప్రకటించగలదు.

పిటిషన్ అభ్యర్థే వేయాలని లేదు, ఆ నియోజకవర్గంలో ఓటున్న ఎవరైనా వేయొచ్చు. డిపాజిట్ 2 వేల రూపాయలు. కానీ గడువు చూడండి. ఫలితం వచ్చిన 45 రోజుల్లోగా వేయాలి. అభ్యర్థి తన లెక్క ఇవ్వడానికి 30 రోజులు టైమ్ ఉంది. చివరి రోజున ఇచ్చాడనుకుంటే మిగిలేది 15 రోజులు. ఆ 15 రోజుల్లో నకలు తెచ్చుకోవాలి, షాడో రిజిస్టర్‌తో సరిచూడాలి, లాయర్‌ను పట్టుకోవాలి, ఆధారాలతో పిటిషన్ దాఖలు చేయాలి. మామూలు ఓటరుకు ఇది సాధ్యమయ్యే పనేనా? చట్టం హక్కు ఇచ్చినట్టే ఇచ్చి, దాన్ని వాడుకునే వ్యవధి ఇవ్వలేదు. ఇది నాకు చాలా అన్యాయంగా కనిపిస్తుంది.

ఇక 10ఏ కింద నడిచిన కేసులు. ఉత్తరప్రదేశ్‌లోని బిసౌలీ నుంచి 2007లో గెలిచిన ఉమ్లేశ్ యాదవ్ మీద ఓడిన అభ్యర్థి ఫిర్యాదు చేశారు, డబ్బిచ్చి వార్తలు రాయించుకుని ఆ ఖర్చు చూపలేదని. ప్రెస్ కౌన్సిల్ అవి పెయిడ్ న్యూసేనని తేల్చింది. 2011 అక్టోబరులో ఎన్నికల సంఘం ఆమెను అనర్హురాలిగా ప్రకటించింది. పదవిలో ఉన్న ఎమ్మెల్యేను అలా తప్పించడం అదే మొదటిసారి. అప్పటికి నాలుగేళ్లు గడిచాయి, ఆ అసెంబ్లీకి మిగిలింది కొద్ది నెలలే.

మహారాష్ట్ర మాజీ ముఖ్యమంత్రి అశోక్ చవాన్ కేసు 2009 నాటిది. లెక్క ఇచ్చారా లేదా అన్నది మాత్రమే చూడాలి, అది నిజమా కాదా అని విచారించే అధికారం ఎన్నికల సంఘానికి లేదు అని ఆయన వాదించారు. ఆ ఒక్క ప్రశ్న తేలడానికే సుప్రీంకోర్టు దాకా వెళ్లి 2014 మే వచ్చింది. అధికారం ఉందని కోర్టు చెప్పింది. లెక్క సరిగా లేదని జులైలో ఎన్నికల సంఘం తేల్చింది. సెప్టెంబరులో ఢిల్లీ హైకోర్టు దాన్ని కొట్టేసింది. ఈలోగా ఆ అయిదేళ్ల పదవీకాలమే అయిపోవచ్చింది.

మధ్యప్రదేశ్ మాజీ మంత్రి నరోత్తమ్ మిశ్రా విషయం ఇంకా ఆలస్యం. 2008 ఎన్నిక, 2009లో ఫిర్యాదు, 2017 జూన్‌లో అనర్హత ఉత్తర్వు. ఈలోగా ఆయన 2013లో మళ్లీ గెలిచారు. ఆ ఉత్తర్వు వల్ల 2017 జులై రాష్ట్రపతి ఎన్నికలో ఓటు వేయలేకపోయారు. 2018లో ఢిల్లీ హైకోర్టు ఆ ఉత్తర్వును రద్దు చేసింది. జార్ఖండ్ మాజీ ముఖ్యమంత్రి మధు కోడా 2009లో ఎంపీగా గెలిచిన ఎన్నిక లెక్కలపై నిర్ణయం వచ్చింది 2017 సెప్టెంబరులో. ఎనిమిదేళ్లు! ఆరోపణ నిజమైతే ఓటరుకు అన్యాయం, అబద్ధమైతే అన్నేళ్లు దాన్ని మోసినవారికి అన్యాయం. ఎటు చూసినా నష్టమే.

ఎందుకింత జాప్యం? వ్యయ పరిశీలకులు ఎక్కువగా ఆదాయపు పన్ను వంటి శాఖల నుంచి వచ్చినవారు. ఫలితాల తర్వాత ఎవరి శాఖకు వాళ్లు వెళ్లిపోతారు. వీడియో తీసినవాళ్లు, లెక్కగట్టినవాళ్లు కూడా అంతే. ఫైలు ఉంటుంది కానీ దాని గురించి తెలిసిన మనిషి ఉండడు. విచారణ కోర్టు తరహాలో నోటీసులు, వాయిదాలు, లాయర్లతో సాగుతుంది. హైకోర్టులో ఎన్నికల పిటిషన్‌ను ఆరు నెలల్లో ముగించే ప్రయత్నం చేయాలని 86వ సెక్షన్ అంటుంది, అది అరుదుగా అమలైనా కనీసం కాగితం మీద ఉంది. 10ఏ విచారణకు అలాంటి గడువేమీ రాయలేదు.

ఇంకో చిక్కు "అది నా ఖర్చు కాదు, పార్టీది" అనే జవాబు. 1974 అక్టోబరులో కన్వర్‌లాల్ గుప్తా కేసులో జస్టిస్ భగవతి, పార్టీ పెట్టినా అభ్యర్థికి తెలిసి జరిగిన ఖర్చు అతని లెక్కలోకే వస్తుందని చక్కగా చెప్పారు. అదే నెలలో ఆర్డినెన్స్ తెచ్చి ఆ తీర్పును పక్కన పెట్టేశారు. ఆ దారి దాదాపు 30 ఏళ్లు తెరిచే ఉంది. 2003 సవరణతో కొంత మూసుకుంది, స్టార్ క్యాంపెయినర్ల ప్రయాణ ఖర్చుకు మాత్రం మినహాయింపు మిగిలింది. పార్టీల ఖర్చుకైతే ఈనాటికీ పరిమితే లేదు.

బయటి దేశాల్లో అంతా సవ్యంగా ఉందనుకోకండి. అమెరికాలో ఫెడరల్ ఎలక్షన్ కమిషన్‌కు ఫిర్యాదు ఇవ్వాలంటే పేరు, చిరునామా రాసి, ప్రమాణం చేసి, నోటరీ చేయించాలి. ఆరుగురు కమిషనర్లలో ఒకే పార్టీ వాళ్లు ముగ్గురికి మించకూడదు, దర్యాప్తు మొదలవ్వాలన్నా నాలుగు ఓట్లు కావాలి. ట్రంప్ తరఫున నటి స్టార్మీ డేనియల్స్‌కు ఇచ్చిన సొమ్ముపై 2018లో వచ్చిన ఫిర్యాదులో ముందుకెళ్లాలని కమిషన్ సొంత న్యాయ విభాగమే సిఫార్సు చేసింది. 2021లో ఓట్లు రెండుకు రెండుగా చీలి ఫైలు మూసేశారు. అయితే వాళ్ల చట్టంలో మనం నేర్చుకోదగ్గది ఒకటుంది. 120 రోజుల్లో కమిషన్ కదలకపోయినా, ఫిర్యాదు కొట్టేసినా, ఫిర్యాదుదారు కోర్టుకు వెళ్లి కమిషన్‌నే నిలదీయొచ్చు. బ్రిటన్‌లో ఎలక్టోరల్ కమిషన్ నేరుగా జరిమానా వేస్తుంది. యూరోపియన్ యూనియన్ నుంచి బయటికి రావాలా వద్దా అన్న బ్రెగ్జిట్ రెఫరెండంలో పరిమితి దాటడం వంటి ఉల్లంఘనలకు 2018 జులైలో, బయటికి రావాలని ప్రచారం చేసిన వోట్ లీవ్ సంస్థకు 61 వేల పౌండ్లు వేసింది. రెఫరెండం 2016లో జరిగింది. రెండేళ్లకైనా నిర్ణయం వచ్చింది కానీ, ఫలితం మీద దాని ప్రభావం ఏమీ లేదు.

నేను కోరేది పెద్ద మార్పేమీ కాదు. 10ఏ విచారణకు ఆరు నెలల గడువు చట్టంలోనే రాయాలి. అభ్యర్థి లెక్క బయటపెట్టిన రోజు నుంచి పిటిషన్‌కు 45 రోజులు లెక్కించాలి. ప్రతి రాష్ట్రంలోనూ ఎన్నికల తర్వాత కూడా కొనసాగే ఒక చిన్న వ్యయ విభాగం ఉండాలి. ఫిర్యాదు ఏ దశలో ఉందో ఇచ్చినవారికి రాతపూర్వకంగా తెలపాలి. మూడేళ్ల అనర్హత సరిపోదని, కనీసం తర్వాతి ఎన్నికకైనా దూరమయ్యేలా అయిదేళ్లు చేయాలని లా కమిషన్ 2015లోనే తన 255వ నివేదికలో సిఫార్సు చేసింది. అది ఇంకా చట్టం కాలేదు.

చట్టం మారేదాకా ఆగక్కర్లేదు, చేతిలో ఉన్నది వాడుకుందాం. లెక్క అందాక జిల్లా ఎన్నికల అధికారి ఆ సంగతి నోటీసు బోర్డులో పెట్టాలి. రూపాయి రుసుము కట్టి ఎవరైనా ఆ లెక్క చూడొచ్చు, విడిగా రుసుము కట్టి నకలు తీసుకోవచ్చు. ఈసారి ఫలితాలు వచ్చాక ప్రతి నియోజకవర్గం నుంచి ఇద్దరు ముందే సిద్ధంగా ఉండండి. ప్రచారంలో మీరు తీసిన వీడియోలు తేదీల వారీగా దాచండి. ముప్పయ్యో రోజు దాకా ఆగకుండా ఇరవయ్యో రోజు నుంచే ఆఫీసుకు వెళ్లి అడగండి, నకలు చేతికి రాగానే పద్దు పద్దునా సరిచూడండి.